బుల్లెమ్మకు, ఆటోనగర్ తాతయ్య

విజయవాడ,
మే నెలాఖరు.

బుల్లెమ్మా,

తాతయ్య రాస్తున్నాను. మీ అమ్మమ్మ ఎదురుగా కూర్చుని ఆవకాయకు మామిడి ముక్కలు తుడుస్తూ, "వ్యాను సంగతి తర్వాత రాద్దురుగాని, అది వేళకు తింటోందో లేదో ముందడగండి" అంటోంది. అందుకని ముందదే అడుగుతున్నాను. వేళకు తింటున్నావా తల్లీ? పోయిన ఆదివారం ఫోనులో నీ మొహం చిక్కినట్టు కనిపించింది. వెలుతురు తేడా అని మీ అమ్మ అంది గాని, మీ అమ్మమ్మ ఆ రాత్రంతా అదే మాట.

రెండు నిమిషాల్లో ఫోనులో చెప్పేదానికి ఉత్తరమెందుకంటావేమో. నీ గొంతు వినబడగానే చెప్పదలుచుకున్నవన్నీ వెనక్కిపోయి, అక్కడ చలి ఎలా ఉంది, స్వెట్టరు వేసుకున్నావా అన్న మాటలే నా నోటికొస్తాయి. ఈ పని సంగతి అలా దాటిపోకూడదు. మీ అమ్మ ఈ కాగితాలకు ఫోటోలు తీసి ఇవాళే నీకు పంపుతుంది. కాగితాలు మటుకు మన వీధి చివరింటి కుర్రాడు వచ్చే వారం ఫ్రాంక్‌ఫర్టు వస్తున్నాడు, అతని చేతికిస్తాను, ఇంకో వస్తువుతో కలిపి. నువ్వు ఆ వ్యాను పైకప్పు లైనింగు విప్పకముందే ఇది చదవాలన్నదే నా ఆత్రం.

ఆ వ్యానును అక్కడివాళ్ళు ముద్దుగా బుల్లి అంటారని నువ్వు చెప్పినప్పుడు మీ అమ్మమ్మ నమ్మక రెండుసార్లు చెప్పించుకుంది. నువ్వు పుట్టిన పదకొండో రోజున ఉయ్యాల దగ్గర నిలబడి నిన్ను మొదటిసారి బుల్లీ అని పిలిచింది తనే కదా, అదే పిలుపు ఏడు సముద్రాలవతల ఒక బండికి ఉందంటే ఆవిడకు ఎంత సంబరమో చూడాలి. నువ్వు చెప్పినవన్నీ కాలెండరు వెనక రాసిపెట్టుకున్నాను. ఫ్యాక్టరీలో పనివాళ్ళు సామాను మొయ్యడానికి చేసుకున్న చెక్కబల్లలాంటి బండిని చూసి, బెన్ పాన్ అనే డచ్చి వ్యాపారి 1947లో తన నోటు పుస్తకంలో పెన్సిలుతో ఒక డబ్బా బొమ్మ గీస్తే, 1950 నాటికి అది ఫోక్స్‌వాగన్ వ్యానై రోడ్డెక్కిందనీ, 1956 నుంచి మీ హానోవర్‌లోనే తయారయిందనీ, 1967లో ముందద్దం రెండు పలకలు పోయి ఒకటే పెద్ద పలకగా మారిందనీ, జర్మనీలో 1979లో ఆపేసినా బ్రెజిల్‌లో 2013 దాకా చేస్తూనే ఉన్నారనీ. ఆ చివరి సంవత్సరం దగ్గర నేను ఆగిపోయాను. మన అంబాసిడరు ఉత్తరపారాలో ఆగిపోయింది 2014లో. నేను చేతులారా పైకప్పులు కుట్టిన బండీ, నువ్వు కుట్టబోయే బండీ ఒక్క ఏడాది తేడాతో కన్ను మూశాయన్నమాట. నీ వ్యాను 1974ది అంటే నువ్వుండే ఊళ్ళో పుట్టి, తిరగవలసిన చోట్లన్నీ తిరిగి, ఆ ఊళ్ళోనే ముసలిదైంది. మేటడార్లు చేసిన బజాజ్ టెంపో కూడా 1958లో మీ పక్క హాంబర్గు కంపెనీతో చెయ్యి కలిపి మొదలైందే. పెళ్ళివాళ్ళనీ బడిపిల్లలనీ మోసిన ఆ మేటడార్లకు మేం చెక్కపట్టీలు కొట్టి రెక్సిన్ బిగించేవాళ్ళం. అది తొందర పని, అందులో చెప్పుకోవడానికేం లేదు.

ఇంతకూ ఆ వ్యాను గల ముసలావిడ ఈ పని చెయ్యమని నిన్ను అడగలేదట కదా. మీ అమ్మ చెప్పింది. జనవరిలో నువ్వు జ్వరంతో పడుకుంటే మూడు రోజులు మెట్లెక్కి వచ్చి సూపు ఇచ్చి వెళ్ళిందని, ఆ మోకాళ్ళతో అన్ని మెట్లు ఎక్కిందని, మార్చిలో పెరటి షెడ్డు తలుపు తీసినప్పుడు ఆ వ్యాను లైనింగు చిరిగి వేలాడుతుంటే ఆవిడ దాన్ని చేత్తో పైకి నొక్కిపట్టి, చెయ్యి తియ్యగానే మళ్ళీ కిందికి జారితే ఏమీ అనకుండా తలుపు వేసేసిందని, అది చూసి నువ్వే "మా తాతయ్యకు ఈ పని వచ్చు, నేను చేస్తాను" అన్నావని. తల్లీ, ఆ మాట విన్న రోజు నేను సాయంత్రం ఆటోనగర్ దాకా ఊరికే నడిచి వెళ్ళి వచ్చాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు, మన పాత షాపు ముందు కాసేపు నిలబడి వచ్చేశాను. ఇప్పుడక్కడ బ్యాటరీలు అమ్ముతున్నారు.

నీకు గుర్తుందో లేదో. సెలవులకు వచ్చినప్పుడు సీట్లు విప్పుతుంటే పక్కన కూర్చునేదానివి. సీటు సందుల్లోంచి చిల్లర, హెయిర్‌పిన్నులు, కిళ్ళీ కాగితాలు, ఒక్కోసారి చిన్నపిల్లల పట్టీ మువ్వలు రాలేవి. కుర్రాళ్ళు చిల్లర టీకి వాడుకుందామంటే నువ్వు ఒప్పుకునేదానివి కాదు. హార్లిక్స్ డబ్బాలో వేసి మూత పెట్టి, బండి ఓనరు వచ్చేదాకా కాపలా కూర్చుని, ఆయన చేతిలో పెట్టి "మీవేనా చూసుకోండి" అనేదానివి, మువ్వలతో సహా. ఏడేళ్ళదానివి. ఒకాయన ఆ డబ్బా నీకే ఇచ్చేస్తే అది కూడా వెనక్కిచ్చావు, డబ్బా మాదండీ, చిల్లర మీది అని.

సరే, పనిలోకి వస్తాను. 1969లో, నాకు పద్నాలుగేళ్ళప్పుడు, మా నాన్న నన్ను బండ్ల సీట్లు, లైనింగులు కుట్టే ఉస్తాదుగారి దగ్గర వదిలి వెళ్ళాడు. ఆయన మొదటి ఏడాది రెక్సిన్ ముక్కలు ఏరడం, సూదుల్లోకి దారం ఎక్కించడం తప్ప ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత సీట్లు, తర్వాత డోరు ప్యాడ్లు. టాపు లైనింగు మీద చెయ్యి వెయ్యనిచ్చింది అయిదో ఏట. ఎందుకంటే సీటు పని నీ కళ్ళ కింద ఉంటుంది, చేతి బరువు కిందికే పోతుంది, తప్పు చేస్తే వెంటనే కనబడుతుంది. టాపు పనిలో చేతులు పైకెత్తి ఉంచాలి. పది నిమిషాలకు భుజాలు లాగుతాయి, పావుగంటకు చేతుల్లోంచి రక్తం దిగిపోయి వేళ్ళు మొద్దుబారతాయి, మెడ పట్టేస్తుంది. సరిగ్గా అప్పుడే మనిషికి "ఇంత చాలులే" అనిపిస్తుంది. ఆ "చాలులే" అన్న చోటే ముడత మిగిలిపోతుంది. నువ్వు మటుకు పది నిమిషాలకోసారి చేతులు దించి కిందికి వేలాడదియ్యి. పక్కన ఇంకో మనిషి లేకుండా మొదలుపెట్టొద్దు, గుడ్డ ఒకరు లాగి పట్టుకుంటే ఇంకొకరు అంటించాలి, ఇది రెండు జతల చేతుల పని.

నాకు మొదటి టాపు అప్పగించిన రోజున ఉస్తాదుగారు కత్తెర ఇవ్వలేదు. ఒక నల్ల అంబాసిడరులో వెనక సీటు తీసేసి నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, పాత లైనింగు చూస్తూ ఉండమన్నారు. మధ్యాహ్నం నమాజుకు వెళ్ళి, భోంచేసి, కునుకు తీసి వచ్చి, "ఏం చూశావురా" అని అడిగారు. గోధుమ రంగు మరకలున్నాయండీ అన్నాను. ఎక్కడెక్కడ అన్నారు. అప్పుడు మళ్ళీ చూశాను. అడ్డంగా వరసలుగా ఉన్న మరకలు ఊచల తుప్పు గుడ్డలోంచి బయటికి దిగినవి, వెనకద్దం మూలన ఉన్నది వాన నీళ్ళది, డ్రైవరు తలపైన నల్లగా గుండ్రంగా ఉన్నది కొబ్బరినూనె తలది, ఆ డ్రైవరు పొడగరి. ఆ వేళ నాకు అర్థమయింది, కొత్తది ఎలా కుట్టాలో, దానికి ముందు బండికి ఏం రోగాలు నయం చెయ్యాలో అన్నీ ఆ పాత గుడ్డ మీదే రాసి ఉంటాయని. నువ్వు పంపిన ఫోటోలో వెనక ఎడమ మూలన గోధుమ గీత ఒకటి కిందికి దిగి ఉంది. ఆ మూల అద్దం రబ్బరు కారుతోందమ్మా. అది చూసుకోకుండా పైన కొత్త లైనింగు వేస్తే రెండు వానలకు మళ్ళీ అదే గీత వస్తుంది.

మీ వ్యానుకూ మన అంబాసిడరుకూ పైకప్పు పద్ధతి ఒకటే, నువ్వు పంపిన బొమ్మలు చూస్తే తెలిసిపోయింది. గుడ్డ టాపుకు అంటుకుని ఉండదు, ఊచల మీద వేలాడుతుంది. గుడ్డ వెనక్కి, లంగాకు బొందు ఎక్కించడానికి కుడతామే, అలాంటి గొట్టాల్లాంటి కుట్లుంటాయి. వాటిలోంచి విల్లులా వంగిన ఇనప ఊచలు దూరుతాయి, వాటి కొనలు రెండు పక్కలా బాడీ కన్నాల్లో కూర్చుంటాయి. అంచులు మటుకు కిటికీల చుట్టూ రేకుకు అంటించి, పైన అద్దం రబ్బరు బిగిస్తారు. అంటే అద్దాలు తియ్యకుండా ఈ పని కాదు. తీయకుండానే అంచులు రబ్బరు కిందికి దోపేస్తామని చెప్పేవాళ్ళుంటారు, మన దగ్గరా ఉండేవాళ్ళు. ఆరు నెలలకు ఆ బండి మళ్ళీ వచ్చేది.

ముందు బ్యాటరీ వైరు విప్పు, లోపలి లైటు తీసి దాని వైరుకు దారం కట్టి ఉంచు. ఊచలు చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గాని ఏ రెండూ ఒకటి కావు, ఒక్కోదాని వంపు వేరు, పొడవు వేరు. ముందునుంచి లెక్కపెట్టుకుంటూ ప్రతిదానికీ తెల్ల ప్లాస్టరు చుట్టి నంబరు రాయి, ఎడమ కొన ఏదో కుడి కొన ఏదో కూడా రాయి. నేనొకసారి రెండు ఊచలు తారుమారు చేసి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్క ముడతతో కుస్తీ పట్టాను, లాగేకొద్దీ అది పక్కకు జరిగేది గాని పోయేది కాదు. ఊచలు తుప్పు గీకి రంగు వేసి ఆరనియ్యి. టాపు రేకుకు లోపలివైపు తుప్పుంటే అది కూడా ఇప్పుడే చూసుకోవాలి, మళ్ళీ ఇరవై ఏళ్ళదాకా ఆ రేకు మొహం ఎవరూ చూడరు. పాత మెత్త ఊడదీసేటప్పుడు ముక్కుకూ నోటికీ మాస్కు కట్టుకో, కళ్ళజోడు పెట్టుకో, పైనుంచి రాలేదంతా కళ్ళలోనే పడుతుంది.

పాత లైనింగు చింపొద్దు, కుట్లు విప్పొద్దు, మొత్తంగా దించు. అదే నీ కొలత. కొత్తది కుట్టిన వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా సరే, పాతదాని మీద పరిచి సరిచూసుకో. టాపు రేకు మీద నడిమధ్యన ముందునుంచి వెనక్కి సుద్దగీత గీసి, కొత్త గుడ్డకు కూడా అంచుల్లో మధ్య గుర్తు పెట్టుకుంటే వంకర పోదు. ఇక్కడ ఈ కాలంలో గుడ్డ బిరుసుగా ఉండే బాధే లేదు, రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, నిన్న 44 డిగ్రీలు. రెక్సిన్ తీసి బండి టాపు మీద పరిస్తే పది నిమిషాల్లో తమలపాకులా మెత్తబడేది. అక్కడ 20 దాటితే ఎండ అంటారని చెప్పావు, కాబట్టి ఆ గుడ్డను ముందురోజు రాత్రే వెచ్చటి గదిలో చుట్ట విప్పి పరిచి ఉంచు, మడత మీద మటుకు ఉంచొద్దు.

ముందూ వెనకా లాగడం ముందు, పక్కలకు లాగడం తర్వాత. మధ్యనుంచి మొదలుపెట్టి, ఇటొక జానెడు, అటొక జానెడు, క్లిప్పులు పెట్టుకుంటూ పో. మొదటిసారే బిగించెయ్యాలని చూడొద్దు. గొట్టం కుట్టు కొనలు బాడీ పక్కకు వచ్చేచోట గుడ్డను పట్టేసి గుంజుతాయి, అక్కడ కొద్దిగా కత్తిరించాలి, కొద్దిగా అంటే అర అంగుళమే. కత్తిరించు, లాగి చూడు, ఇంకా ముడతుంటే మళ్ళీ అర అంగుళం. ఒక్కసారే మూడంగుళాలు కత్తిరిస్తే ఊచ పక్కన గుడ్డ జారి బోర్లించిన దొప్పలా ఉబ్బుతుంది, దానికి మందు లేదు. సొల్యూషను రెండు వైపులా రాసి, వేలు పెడితే అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగు. తలుపులన్నీ తెరిచి ఉంచు, ఆ వాసన తలకెక్కుతుంది. నువ్వు చిన్నప్పుడు ఆ వాసన బాగుందని డబ్బా దగ్గరికి వస్తే నేను గసిరాను గుర్తుందా, నువ్వు ఏడ్చావు. అప్పుడు గసిరినందుకు ఇప్పటికీ బాధే గాని, ఇప్పుడు కూడా గసురుతున్నాననే అనుకో. లైటు కన్నం అన్నిటికంటే ఆఖర్న, చిన్నది కొయ్యి.

అద్దం ఎక్కించేటప్పుడు రబ్బరు గాడిలో చుట్టూ సన్నటి నైలాన్ తాడు పెట్టి, రెండు కొనలూ లోపలికి వదిలి, సబ్బు నీళ్ళు రాసి, బయటినుంచి ఒకరు అరిచేత్తో నొక్కుతుంటే లోపలినుంచి నువ్వు తాడు మెల్లగా లాగుతూ రా. తాడు వచ్చినకొద్దీ రబ్బరు పెదవి రేకు మీదికి తిరిగి కూర్చుంటుంది, ఆ చప్పుడు నీకు నచ్చుతుంది.

ఇదంతా నీకు తెలియదని కాదు. ఇంజనీరువి, నాకంటే ఎక్కువే చదివావు. నేను రాయాలనుకున్నది వేరే ఉంది, ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది.

1990 దాటాక రెండో మూడో ఏట గుడివాడ వైపునుంచి ఒక రైతు అంబాసిడరు తెచ్చి వదిలాడు. లైనింగు మాసిపోయింది, కొత్తది వెయ్యమన్నాడు. అప్పటికి షాపు నాదే, చేతినిండా పని, దసరా ముందు రోజులు. విప్పుతుంటే వెనక ఎడమ కిటికీ పైన, లైనింగు మీద, బొట్టుబిళ్ళలు అంటించి ఉన్నాయి. మెరూన్ రంగు మఖమల్ బిళ్ళలు, ఆరో ఏడో, వరసగా కాదు, ఒకటి పైన ఒకటి కింద. ఒకటి రెండు అంచులు లేచి ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గీకి కింద పడేశాను కూడా. లైనింగు కొలత తీసుకుని, మిగతా చెత్తతో కలిపి బయట పెట్టించాను.

మూడో రోజు బండి తీసుకెళ్ళడానికి ఆ రైతుతో పాటు వాళ్ళ నాన్న వచ్చాడు. పెద్దాయన, తెల్ల పంచె, చేతికర్ర. పని చూసి కొడుకు బాగుందన్నాడు. పెద్దాయన వెనక తలుపు తీసి, ఎక్కి, కుడివైపు తన చోట కూర్చుని, ఎడమవైపు కిటికీ పైకి చూశాడు. "ఇక్కడ బిళ్ళలుండాలే" అన్నాడు. నాకు నోటమాట రాలేదు. కొడుకే చెప్పాడు, అమ్మ పోయి మూడు నెలలైందని. రెండేళ్ళపాటు వైద్యానికి వారం వారం బెజవాడ తీసుకొచ్చేవాళ్ళట. దారిలో కునుకు పట్టేముందు ఆవిడ నుదుటి బిళ్ళ తీసి పైన లైనింగుకు అంటించేదట, ఊరు రాగానే తీసి మళ్ళీ పెట్టుకునేదట. నీరసం ఎక్కువైన రోజుల్లో తియ్యడం మరిచిపోయేది. మిగిలినవి ఆ రోజులవి.

పరిగెత్తాను బుల్లెమ్మా. చెత్త పోసే చోటికి టార్చి పట్టుకుని వెళ్ళి రాత్రి తొమ్మిదింటి దాకా వెతికాను, కుర్రాళ్ళిద్దరూ నాతోనే ఉన్నారు. దొరకలేదు. షాపులో నేలమీద నేను గీకి పడేసిన ఒక్కటి కూడా అప్పటికే ఊడ్చేశారు. తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా బండిలోనే కూర్చుని ఉన్నాడు. తిట్టలేదు. "నీకేం తెలుసు నాయనా" అన్నాడు, నా బట్టలు చూసి కాళ్ళు చేతులు కడుక్కోమన్నాడు, కుర్రాళ్ళకు టీ తాగమని డబ్బులిచ్చాడు. బండి కదిలేటప్పుడు చూశాను, ఎడమ చెయ్యి ఎత్తి ఆ కొత్త లైనింగు మీద సరిగ్గా ఆ చోట ఆనించి ఉంచాడు. బండి మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

ఆ తర్వాత ఏ బండి లైనింగు విప్పినా చుట్టగా చుట్టి, సుద్దతో బండి నంబరు రాసి, అటక మీద పెట్టేవాణ్ని. ఓనరు వచ్చి చూసి, అక్కర్లేదంటేనే పారేసేది. వాళ్ళు వెంటనే అక్కర్లేదన్నా నెలరోజులు ఉంచేవాణ్ని, ఇంటికెళ్ళాక ఎవరైనా అడుగుతారేమోనని. సెలవుల్లో మధ్యాహ్నం పూట నువ్వు అటకెక్కి పడుకునేదానివే, ఆ మెత్తటి చుట్టల మీద, అవి ఇవే. ఇవన్నీ ఎందుకు దాస్తావు తాతయ్యా అని ఒకసారి అడిగావు. ఊరికే అన్నాను. చిన్నపిల్లవి, నీకెందుకులే అనుకున్నాను.

ఇప్పుడు నీ ఫోటో సంగతి. మీ అమ్మ టాబ్లెట్టులో పెద్దది చేసి చూపించింది, నేను భూతద్దం కూడా పెట్టి చూశాను. డ్రైవరు సీటు పైన చుట్ట పొగకు లైనింగు పసుపు తిరిగి ఉంది, మధ్యలో ముదురుగా, అంచులకు లేతగా, పళ్ళెం బోర్లించినట్టు. ఆ ముసలావిడ భర్త చుట్ట తాగేవాడని చెప్పావు కదా, అది ఆయనది. కానీ పక్క తలుపు పైన, ఊచ కుట్టుకు కాస్త కిందుగా, పెన్నుతో గీసిన చిన్న చిన్న గీతలున్నాయి చూశావా? వరసగా ఉన్నాయి, నేను పదకొండు దాకా లెక్కపెట్టాను, ఆ పైన చిరుగు వచ్చేసింది. ప్రయాణాల లెక్కో, పిల్లలెవరైనా గీసినవో, ఏమిటో నాకు తెలియదు. నీకూ తెలియకపోవచ్చు. ఆవిడకు తెలుసు.

అందుకని విప్పేముందు ఆవిడను షెడ్డుకు తీసుకెళ్ళు. లోపల కూర్చోబెట్టు, మోకాళ్ళు జాగ్రత్త, ఎక్కేటప్పుడు చెయ్యి ఇవ్వు. ఆ పొగ మరక, ఆ గీతలు చూపించి, ఇవి పోతాయి, ఫరవాలేదా అని అడుగు. తొందరపెట్టొద్దు, ఆ వెళ్ళిన రోజునే పని మొదలుపెట్టొద్దు. కొత్తది వెయ్యమంటే మంచిదే, పాతది చుట్టి ఆవిడ చేతికివ్వు, లేదా ఆ గీతలున్న ముక్క అంచులు మడిచి కుట్టి ఇవ్వు, నీ కుట్టు చక్కగా ఉంటుంది. వద్దు, ఇలాగే ఉండనీ అంటే, నువ్వు కొన్న గుడ్డ వెనక్కిచ్చేసి, చిరిగిన చోట లోపలినుంచి పట్టీ వేసి, కారుతున్న ఆ మూల రబ్బరు మార్చి, గోరువెచ్చటి సబ్బు నీళ్ళతో మెల్లగా తుడిచి వదిలెయ్యి. పొగ మరక మటుకు ఆవిడ చెప్పేదాకా తుడవకు. అలా జరిగితే నువ్వు నేర్చుకున్నదంతా వృథా అయిందనుకోవద్దు సుమా. ఆ పెద్దాయన అడిగినప్పుడు నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, నీ దగ్గర ఇంకా అంతా ఉంది.

మీ అమ్మమ్మ ముక్కలు తుడవడం అయిపోయి, ఆవకాయ ఎంత పంపాలో లెక్క వేస్తోంది. ఆ ముసలావిడకు కూడా ఒక చిన్న సీసా పెడుతోంది, కారం తినగలదో లేదో కనుక్కుని, తినలేకపోతే నెయ్యి ఎక్కువ వేసి కలిపి పెట్టమంటోంది. నువ్వు వేళకు తింటున్నదీ లేనిదీ జవాబు రాయమంటోంది, ఇది నాలుగోసారి.

ఆ కుర్రాడితో పంపేది ఉస్తాదుగారి వెదురు బద్ద. లైనింగు అంచులు సందుల్లోకి దోపడానికి ఆయన స్క్రూడ్రైవరు ముట్టుకోనిచ్చేవారు కాదు, గుడ్డ చిరుగుతుందని. ఆయన చేతిలో ముప్ఫై ఏళ్ళు, నా చేతిలో నలభై ఏళ్ళు ఉండి, చేతి జిడ్డుకు నున్నగా, తేనె రంగు తిరిగింది. పట్టుకునే చోట బొటనవేలికి గుంట పడింది, అది మా ఇద్దరి వేళ్ళదీ. కొన మటుకు కుడిచేతి వాటానికి ఒకవైపే అరిగి ఉంది. నీది ఎడమచేతి వాటం కదా. అందుకని నిన్న పొద్దుటినుంచి వసారాలో కూర్చుని రెండో వైపు కూడా గాజుపెంకుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది ఏటవాలు తీశాను, నీ బొటనవేలికి కొత్తగా ఒక గుంట కూడా. మరీ లోతు తియ్యలేదు. నీ వేలు ఇప్పుడెంత ఉందో నాకు సరిగ్గా తెలియదు, మిగతాది నువ్వు రుద్దుకో.

మీ తాతయ్య